నేర్చుకునే ఖర్చు ఎవరిది?

కొత్తగా స్మోకర్ ముందు నిలబడ్డ ప్రతివాడూ అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "దేనితో మొదలుపెడితే తేలిక?" నేనుండే రైసూత్‌లో ఈ ప్రశ్న ఏడాదికి నాలుగైదుసార్లైనా వింటాను. అడిగేవాడు చాలామటుకు పాతికేళ్ళ కుర్రాడు. ఊరి నుంచి వచ్చి ఆరు నెలలు కూడా అయి ఉండదు. ఎవరో అమెరికావాడు పొగలో పన్నెండు గంటలు వండిన మాంసాన్ని వెన్నలా కోస్తుంటే ఫోన్‌లో చూసి ఉంటాడు. నా జవాబు ఒక్క ముక్కలో అయిపోతుంది: "కోడి తొడలతో మొదలుపెట్టు తమ్ముడూ." కాని ఆ జవాబు వెనక ఉన్న కారణం వంటకి మాత్రమే సంబంధించింది కాదని నాకు రానురాను అనిపించింది. ఆ సంగతి చెప్పాలనే ఈ నాలుగు మాటలూ. శాకాహారులైన పాఠకులు పేజీ తిప్పెయ్యకండి, మీ ప్రశ్న కూడా మధ్యలో వస్తుంది.

రైసూత్ ఎక్కడుందో తెలియనివారి కోసం కొంచెం చెబుతాను. ఒమాన్ దేశానికి దక్షిణాన ధోఫార్ ప్రాంతం, అందులో సలాలా నగరం. ఆ నగరానికి పడమరగా, సముద్రం ఒడ్డున రేవూ, సిమెంటు ఫ్యాక్టరీ, గోదాములూ, వర్క్‌షాపులూ ఉన్న చోటు రైసూత్. 1998లో ఇక్కడ పెద్ద కంటైనర్ టెర్మినల్ మొదలైంది. జూన్ ఆఖరు నుంచి సెప్టెంబరు దాకా ఖరీఫ్ అనే చినుకుల కాలం. మన పంటల లెక్కల్లో ఉన్న ఖరీఫ్ కూడా ఈ అరబ్బీ మాటే. తక్కిన గల్ఫ్ అంతా పెనం మీద అట్టులా మాడుతుంటే ఇక్కడ కొండలు పచ్చబడతాయి. సలాలాలో కొబ్బరిచెట్లూ అరటితోటలూ చూసి మా కోనసీమవాళ్ళు మొదటిరోజు కళ్ళు నులుముకుంటారు.

మా స్మోకర్ కొన్నది కాదు. వర్క్‌షాపులో వెల్డింగు చేసే శ్రీకాకుళం అన్న ఒకాయన, వంటనూనె వచ్చిన ఇనుప పీపాకి కింద గాలి కన్నాలు పెట్టి, లోపల బొగ్గులకో బుట్ట, పైన ఓ జల్లెడ, మూతకి ఓ పొగగొట్టం అమర్చి ఇచ్చాడు. లోపలి పూత పోయేదాకా ముందు ఖాళీ పీపాలో పెద్ద మంట వేసి కాల్చాడు. జింకు పూత ఉన్న రేకు ఒక్కటి కూడా వాడలేదు. ఎందుకయ్యా అంటే, "తినేది మనవాళ్ళే కదండీ" అన్నాడు. ఆ మాట గుర్తుంచుకోండి.

ఇంతకీ స్మోకర్ చేసే పని ఏమిటి? మన కూరలో మాంసం నీళ్ళలో ఉడుకుతుంది. నిప్పుల మీద కాల్చితే మంట వేడి నేరుగా తగులుతుంది. స్మోకర్‌లో ఆ రెండూ కావు. 110 నుంచి 135 డిగ్రీల సెల్సియస్ మధ్య వేడిగాలి, అందులో కాస్త కట్టెపొగ, బోలెడంత తీరిక. జంతువు ఎక్కువగా వాడిన కండరాల్లో, అంటే మెడ, జబ్బ, పిక్కల్లో, కొలాజెన్ అనే గట్టి పదార్థం అల్లుకుని ఉంటుంది. మాంసం లోపలి వేడి 70 డిగ్రీలు దాటాక అది మెల్లగా కరిగి జిగురవుతుంది. 90 దాటేసరికి ముక్క ఎముక నుంచి దానంతటదే విడిపోతుంది. ఈ జిగురూ, మధ్యనున్న కొవ్వూ ముక్కని తడిగా ఉంచుతాయి. అందుకే అరగంట అటూ ఇటూ అయినా ముక్క పాడవదు. వంటవాడి పొరపాటుని మాంసమే మన్నిస్తుంది.

ఈ లెక్కన కొత్తవాడికి పనికొచ్చేవి నాలుగు. మొదటిది కోడి తొడలూ కాళ్ళూ. కోడిని లోపల 74 డిగ్రీలకి చేరిస్తే తినడానికి భయం లేదు, కాని తొడ 80, 85 దాకా వెళ్ళినా ఎండిపోదు సరికదా ఇంకా మెత్తబడుతుంది. అదే రొమ్ముముక్క 75 దాటితే దూదే. రెండోది మేక, గొర్రె జబ్బ. పొయ్యి 120 దగ్గర నిలబడితే అయిదారు గంటల పని. మూడోది మెడ, పిక్క. సగంలో కాగితంలా పల్చటి అల్యూమినియం రేకులో చుట్టేస్తే ఇక దాని జోలికి పోనక్కరలేదు. నాలుగోది కానాగంతల లాంటి నూనె ఉన్న చేప. ముందు ఉప్పు పట్టించి, తడి ఆరనిచ్చి, పొగలో గంటసేపు పెడితే చాలు. కొత్తవాడు ముట్టుకోకూడనివి కూడా చెప్పాలి: మేక వెనకతొడ, కొవ్వు తక్కువ కాబట్టి త్వరగా ఎండిపోతుంది. ఎద్దు రొమ్ముభాగం, అమెరికావాళ్ళు బ్రిస్కెట్ అనేది, ఒకే ముక్కలో ఒక కొస కొవ్వు, ఒక కొస పేడు. ఇక ఒంటె. ధోఫారీలకి ఒంటెమాంసం ఇష్టం, వాళ్ళకి దాని గుట్టు తెలుసు, మనకి తెలియదు.

ఇంతవరకూ వంట. అసలు ప్రశ్న ఒక దసరాకి మొదలైంది.

దసరాకి మాంసం లేకపోతే మా తెలంగాణ తమ్ముళ్ళకి పండగే కాదు. మాకు కనుమ ఎంతో వాళ్ళకి దసరా అంత. అప్పటికి ఖరీఫ్ కూడా వెళ్ళిపోయి ఆకాశం తేటగా ఉంటుంది. ఆ ఏడు పదకొండుమందిమి చందాలు వేసుకున్నాం. జగిత్యాల నుంచి కొత్తగా వచ్చిన కుర్రాడొకడు, వెనకతొడలు రెండూ తెద్దాం, ఎముకతో సహా నిలువుగా పొగలో వేలాడదీద్దాం, నేను వండుతా అన్నాడు. ఎప్పుడైనా వండావా అంటే లేదన్నాడు. "ఖరాబైతే ఏమైతదన్నా, నేర్చుకుంటం గదా!" అన్నాడు. అందరూ నవ్వారు. మూలన కూర్చున్న నిజామాబాద్ పెద్దాయన నవ్వలేదు. గోదాములో ఊడ్చే పని ఆయనది. ఇద్దరు ఆడపిల్లల పెళ్ళి అప్పు ఇంకా తీరలేదు. ఆ వారంలో ఆయన తినబోయే మాంసం అదొక్కటే. మెల్లగా అన్నాడు: "నువ్వు నేర్చుకునుడు మంచిదే బిడ్డా. గని ఫీజు నేను కట్టాల్నా?"

ఈ మాట విన్నప్పటి నుంచి నాకు "తేలికైన మాంసం ఏది" అన్న ప్రశ్న ఇంకోలా వినిపిస్తోంది. నేర్చుకునేవాడి పొరపాటుకి ఖర్చు ఎప్పుడూ ఉంటుంది. అది ఎవరి ఖాతాలో పడుతుంది? తేలికైన మాంసం అంటే ఆ ఖర్చు తక్కువగా ఉండే మాంసం. అంతే. ముగ్గురు దాన్ని చెల్లిస్తారు: డబ్బు పెట్టినవాడు, తినేవాడు, ప్రాణం ఇచ్చిన జంతువు.

డబ్బు పెట్టినవాడి సంగతి పెద్దాయన చెప్పేశాడు. నా సొమ్ముతో నేను నేర్చుకుంటే అది అభ్యాసం. పదిమంది సొమ్ముతో, వాళ్ళనడక్కుండా నేర్చుకుంటే దానికి ఇంకేదో పేరుంది. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని సామెత. పొద్దెరగకపోవడం తప్పు కాదు, కాని తలుపు ఎవరిదో ఎరిగి తట్టాలి. అన్నట్టు ఆ కుర్రాడు మంచివాడు, మాట పట్టించుకున్నాడు. ఆ దసరాకి జబ్బలు తెచ్చాం, చెయ్యి తిరిగిన వెల్డింగు అన్న వండాడు. కుర్రాడు తన డబ్బుతో రెండు కిలోల కోడికాళ్ళు తెచ్చి పక్క జల్లెడ మీద పెట్టుకున్నాడు. అవి బాగానే వచ్చాయి. తొక్క కొంచెం రబ్బరులా సాగింది, అంతే.

తినేవాడు చెల్లించే ఖర్చు ఇంకోరకం. రైసూత్ రేవు ప్రాంతం కదా, ఎక్కడ చూసినా చెక్క పాలెట్లే. కట్టెలు ఊరికే దొరుకుతుంటే కొనడం ఎందుకని ఎవరికైనా అనిపిస్తుంది. దేశాలు దాటే పాలెట్ల మీద ఒక ముద్ర ఉంటుంది. హెచ్‌టీ అని ఉంటే పురుగు పోవడానికి వేడి చేసిన చెక్క. ఎంబీ అని ఉంటే మిథైల్ బ్రొమైడ్ అనే విషవాయువు పట్టించింది. హెచ్‌టీ అని ఉన్నా, దారిలో దాని మీద ఏ రసాయనం ఒలికిందో ముద్ర చెప్పదు. కనుక మా పీపాలోకి పాలెట్ చెక్క రాదు. ఇక్కడివాళ్ళు వాడే సమర్ చెట్టు మన తుమ్మకి చుట్టమే, దాని బొగ్గు కొంటాం. ఈ ప్రాంతానికి పేరు తెచ్చిన లూబాన్ ధూపం ఇంటింటా వేస్తారు గాని, జిగురున్న కట్టెల పొగ మాంసానికి చేదు పట్టిస్తుంది. ధూపం దేవుడికే ఉండనివ్వండి. అలాగే, పచ్చిమాంసాన్ని ఈ ఎండలో గంటల తరబడి బయట ఉంచి కబుర్లు చెప్పుకోవడం, లోపలి వేడి చూడకుండా "అయిపోయిందిలే" అనడం, ఇవన్నీ ఇంకొకడి కడుపు మీద చేసే ప్రయోగాలు. వందమందిని చంపితే గాని వైద్యుడు కాడని వేళాకోళంగా అంటారు. ఆ వందమందీ నవ్వి ఉండరు.

మూడోది కష్టమైన లెక్క. ఒక మిత్రుడు అన్నాడు: "చచ్చిన మేకకి దాన్ని బాగా వండితే ఏమిటి, మాడిస్తే ఏమిటి?" నిజమే, మేకకి తెలియదు. కాని నాకు తెలుసు. ఆ మేకని కోసినప్పుడు నేను చెప్పుకున్న కారణం ఒక్కటే, తినడానికని. మాడ్చి పారేసినరోజు ఆ కారణం కూలిపోయింది. మిగిలింది చంపడం ఒక్కటే. మంచి వంట ఆ ప్రాణాన్ని తిరిగి తేదు. కనీసం నేను చెప్పిన కారణాన్ని అబద్ధం చెయ్యకుండా ఉంచుతుంది.

ఇక్కడ శాకాహారి మిత్రులు ఊరుకోరని తెలుసు. "కారణమే బలహీనమైందైతే? అన్నం, పప్పు ఉండగా తినడానికి చంపడం ఎందుకు? పాడుచెయ్యనంత మాత్రాన పుణ్యాత్ముడివా?" అని అడుగుతారు. మంచి ప్రశ్న. పాడుచెయ్యకపోవడం చంపడానికి సమర్థన కాదని నేనూ ఒప్పుకుంటాను. అది తినేవాడి కనీస బాధ్యత మాత్రమే. పెద్ద ప్రశ్న ఇంకా తేలలేదని చిన్న బాధ్యతని వదిలెయ్యడం కుదరదు. పైగా మాంసం తింటూ ఆ పెద్ద ప్రశ్నని పూర్తిగా మర్చిపోయేవాడికంటే, ప్రతి ముక్క దగ్గరా దాన్ని కాస్త గుర్తుచేసుకునేవాడు తక్కువ తింటాడని నా అనుభవం. గంటల తరబడి ఒక జబ్బ దగ్గర కూర్చున్నవాడికి అది ఒకప్పుడు నడిచిన కాలని మర్చిపోవడం కష్టం.

ఈ లెక్కని మనకంటే ముందు కట్టినవాళ్ళున్నారు. ఒమాన్‌లో ఈద్‌కి షువా వండుతారు. మసాలా పట్టించిన మాంసాన్ని అరటాకుల్లోనో ఈతాకు సంచుల్లోనో చుట్టి, నిప్పులున్న గుంటలో దించి, పైన మట్టి కప్పేస్తారు. ఒకరోజో రెండురోజులో అలాగే ఉంచుతారు. చాలాచోట్ల ఒకే గుంటలో పలు కుటుంబాల మూటలు. మూసేశాక తెరిచి చూడ్డానికి లేదు. అది కొత్తవాడి చేతిలో పెట్టే పని కాదు. సలాలా చుట్టుపక్కల మద్బీ అని ఇంకొకటుంది. నిప్పుల మీద గుండ్రాళ్ళు పేర్చి, రాయి బాగా కాగాక దానిమీద మాంసం పరుస్తారు. ఒక ధోఫారీ పెద్దాయన మద్బీ పెడుతుంటే ఓ సాయంత్రం పక్కన కూర్చున్నాను. మనవడికి పన్నెండేళ్ళుంటాయి. వాడి పని రాళ్ళు ఏరడం, పగిలేవి పక్కకి తీసెయ్యడం. వాడు ఎప్పుడు వండుతాడని అడిగితే ఆయన నవ్వి, "సదీక్, ముందు రాయి తెలియాలి" అన్నాడు. కుర్రాడు రాయి తప్పు ఏరితే ఒక రాయి పోతుంది. మాంసం తప్పు వండితే ఒక మేక పోతుంది. ఎక్కడ తప్పు చెయ్యనివ్వాలో ఆయనకి తెలుసు.

హైదరాబాదువాళ్ళకి మద్బీ చూడగానే పత్థర్ కా గోష్త్ గుర్తొస్తుంది. చుట్టరికం మండీ దగ్గర ఇంకా స్పష్టం. ధోఫార్‌కి పడమర యెమెన్, అక్కడి హద్రమౌత్ ప్రాంతం నుంచి నిజాం సైన్యంలో చేరడానికి వెళ్ళినవాళ్ళ సంతతి హైదరాబాదు బార్కాస్‌లో స్థిరపడింది. బ్యారక్స్ అన్న మాటే బార్కాస్ అయింది. వాళ్ళ మండీ ఇవాళ నగరం అంతటా దొరుకుతోంది. అటునుంచి వాళ్ళు పొట్ట చేతపట్టుకుని ఇటు వచ్చారు, ఇటునుంచి మనం అటు వెళ్ళాం.

ఇంకో సంగతి గమనించాను. మన్నించే మాంసాలన్నీ చవక మాంసాలే. మెడ, పిక్క, జబ్బ. మెత్తటి భాగాలు కొనగలిగినవాడికి ఓపిక పట్టే అవసరం రాలేదు. గట్టి ముక్క దక్కినవాడే దాన్ని లొంగదీసే దారి వెతికాడు. ఇవాళ అంత ఖరీదు పలికే బ్రిస్కెట్ టెక్సాస్‌లో ఒకప్పుడు చవక ముక్కే. అమెరికా దక్షిణాది బార్బెక్యూలో బానిసలుగా బతికిన నల్లవాళ్ళ చేతిపని ఎంతో ఉంది. మన దళిత వాడల్లో మాంసాన్ని పేలికలుగా కోసి, ఉప్పూ పసుపూ పట్టించి, దండెం మీద ఎండబెట్టి వట్టి తునకలు చేశారు. అది రుచి కోసం మొదలైన పని కాదు, మాంసం దొరికిన రోజుని దొరకని రోజులకి సాగదీసే పని. ఊరు ఆ తునకల్ని చూసి ముక్కు మూసుకుంది. వాళ్ళకి "ఖరాబైతే నేర్చుకుంటం" అనే వెసులుబాటు లేదు. ఒక ముక్క పాడైతే ఒక పూట పస్తు. ఇవాళ మనకి తేలిగ్గా కనిపిస్తున్న పద్ధతి, పొరపాటు చేసే స్తోమత లేనివాళ్ళు కనిపెట్టింది. ఆ సంగతి తెలిసి తింటే మంచిది.

మరి ఎప్పుడూ తేలికైనవే వండుతూ కూర్చుంటే కష్టమైనది నేర్చుకునేదెప్పుడు? న్యాయమైన ప్రశ్నే. నా జవాబు ఇది: తప్పు జరిగితే దాని ఖర్చు నువ్వే భరించగలిగిన రోజున. నీ సొమ్ముతో, నీ సెలవురోజున, పదిమంది ఆకలితో ఎదురుచూడని పూట, చిన్న ముక్కతో. పాడైతే సన్నగా తరిగి పులుసులో వేసుకునే ఉపాయం ముందే ఆలోచించుకుని.

ఇదంతా మాంసం గురించే చెబుతున్నానని అనుకోకండి. ఈ ఊళ్ళో ఒక కాంట్రాక్టరు, పేరెందుకు లెండి, ఊరి నుంచి దిగిన వారానికే ఒక కుర్రాణ్ణి ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కించాడు. "రెండురోజుల్లో అదే వస్తుంది" అన్నాడట. మూడోరోజు పాలెట్ జారి కింద సరుకు సర్దుతున్న ఇంకో మనిషి పాదం మీద పడింది. నడిపినవాడు నేర్చుకున్నాడు, అందులో సందేహం లేదు. ఆ పాఠానికి ఫీజు కట్టినవాడు మాత్రం ఇప్పుడు విజయనగరం దగ్గర పల్లెలో కుంటుతూ కొట్టు నడుపుతున్నాడు. ఖాళీ యార్డులో ఖాళీ పాలెట్లతో నెలరోజులు తిప్పించి ఉంటే ఆ ఖర్చు కాస్త డీజిలు, రెండు విరిగిన చెక్కలు. తేలికైనదానితో మొదలుపెట్టించడం నేర్పేవాడి ధర్మం. వలసవచ్చినవాళ్ళలో చాలామందికి ఆ ధర్మం పాటించే గురువు దొరకడు.

కనుక ఈసారి ఎవరైనా "అన్నా, దేనితో మొదలుపెట్టాలి?" అంటే కోడి తొడలనే చెబుతాను, 135 దగ్గర పెట్టమని, అలా అయితే తొక్క సాగదని, రెండు గంటలలోపే అయిపోతుందని, 80 దాటేదాకా మాటిమాటికీ మూత తియ్యొద్దని. దానితోపాటు ఇంకో మూడు ప్రశ్నలు నేనే తిరిగి అడుగుతాను. ఎవరి డబ్బు? ఎవరు తింటారు? మిగిలింది ఏం చేస్తావు? ఈ మూడింటికీ జవాబున్న కుర్రాడికి పీపా తాళంచెవి ఇచ్చేస్తాను. ఇప్పటికి నలుగురికి ఇచ్చాను. జగిత్యాల తమ్ముడు రెండేళ్ళు పోయాక, తన జీతం రోజున, తన సొంత డబ్బుతో మేక వెనకతొడ తెచ్చుకున్నాడు. నిజామాబాద్ పెద్దాయన్ని తినడానికి పిలిచాడు. కాస్త పొడిగానే వచ్చింది. పెద్దాయన రెండోసారి వడ్డించుకుని, "ఫీజు నువ్వే కట్టుకున్నవ్ బిడ్డా, ఇగ రుచిదేముంది" అన్నాడు.